బావగారి తెల్లచొక్కా

కాలరును ఎప్పుడూ తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి, అప్పుడే బట్ట మీద మెరుపు మరక పడదు. ఆ కిటుకు ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇరవై రెండేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న బావగారి చొక్కాలే నేర్పాయి. బావగారు నగరసభలో కౌన్సిలరు. ఆయన భార్యకు ఆవిరి పడదు. పడదని ఈమె కాపురానికొచ్చిన మొదటి వారంలోనే తేలింది. అప్పటినుంచీ అన్నదమ్ములిద్దరి చొక్కాలూ ఈమె చేతి కిందికే వస్తున్నాయి.

ఈ పొద్దు చొక్కా మాత్రం మామూలుది కాదు. పదకొండింటికి అది నగర నైతిక మండలి ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ మండలిలో ఐదో కుర్చీ ఈమెది.

కుర్చీ వచ్చిన తీరు చూస్తే భర్త చేసిన బేరం ఎక్కడ బెడిసిందో తెలుస్తుంది. కౌన్సిలర్ల తప్పొప్పులు చూడ్డానికి వాళ్ళ దయాదాక్షిణ్యాలతో పనిలేని ఐదుగురుండాలని, వారిలో ఒకరిని కొట్ల లైసెన్సుదారుల్లోంచి చీటీ తీసి ఎంచాలని నగరం నియమం పెట్టుకుంది. ఆడవాళ్ళ పేరైతే రుసుం సగమని బట్టల కొట్టు లైసెన్సును భర్త ఎప్పుడో ఈమె పేర రాయించాడు, అదీ పుట్టింటి పేరుతో. "పేరు నీది, కొట్టు నాది" అని ఆనాడే తేల్చేశాడు. ఆ సంగతి చీటీకేం తెలుసు? పేరునే పట్టుకుంది.

"ఇంట్లో లేని స్వతంత్రం ఆ స్వతంత్ర మండలిలో దొరుకుతుందేమిటే?" అని మొదట్లో నవ్వాడు. నిన్న భోజనాల దగ్గర మాత్రం నవ్వలేదు.

ఫిర్యాదు గుండీలామెది. వీళ్ళ కొట్టు ముందు గొడుగేసుకుని పద్దెనిమిదేళ్ళు గుండీలూ దారపుండలూ అమ్మింది. నోటీసైనా ఇవ్వకుండా ఒక్కపూటలో లేపించారు బావగారు, దారికి అడ్డమని. ఆమె మళ్ళీ అటు రాలేదు. వచ్చుంటే ఆ జాగాలో పదిరోజులకే వెలిసిన బట్టల కొట్టు అద్దాల బీరువాను చూసేది. చూడలేదు కాబట్టి ఫిర్యాదులో బీరువా లేదు.

ఫిర్యాదును లోపల్లోపలే కొట్టేయాలా వద్దా అని మండలిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు; తేల్చాల్సిన ఐదో చెయ్యి ఈమెది. సమానమైతే తలుపులు తీసి, జనం ముందే విచారణ జరపాలని నియమం. బావగారికి ఆ తలుపంటేనే గుబులు.

"కూర్చోగానే ఓ కాగితం ఇస్తారమ్మాయ్, ఎదుటివాళ్ళతో మీకేం సంబంధమని" అన్నారాయన, పళ్ళెంలో వేళ్ళు ఆడిస్తూ. "ఏమీ లేదని రాసెయ్. అబద్ధం కాదుగా, నీదీ నాదీ ఒక రక్తమా ఏమన్నా?"

"ఎంతైనా మనింటి మనిషివి" అంది అత్తగారు. ఏదైనా మాట చెప్పబోతే ఇన్నేళ్ళూ "పరాయింటి పిల్లవి, నీకేం తెలుసు" అన్న నోరే అది. "మనవాణ్ణి మనం కాచుకోకపోతే ఎవరు కాస్తారు?"

ఒక్క భోజనంలోనే ఆమెకు రెండు వెలలు కట్టారు. చెయ్యెత్తడానికి సొంతం, కాగితానికి పరాయి.

"సంబంధం ఉందంటే బయట కూర్చోమంటారు, అంతేగా?" అందామె.

భర్త తలెత్తలేదు. "కూర్చో. ఇక ఆ బయటే ఉండిపో."

ఇస్త్రీపెట్టె బుస్సుమంది. ఆవిరికి చొక్కా చేతులు మెల్లగా ఉబ్బి, ఎవరో లోపల ఊపిరి తీసుకున్నట్టు లేచాయి. కిటికీ ఎండ ఆ పొగలోంచి పాలలా కారుతోంది. వంటింటి బల్ల చుట్టూ ముక్కూమొహం తెలియని ఐదుగురు వచ్చి కూర్చున్నారు. ఒకావిడ కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగింది, అమ్మా, ఈ ఇంట్లో చివర తినేదెవరు? ఇంకొకాయన అడిగాడు, కొట్లో పొద్దంతా నిలబడేది మీరైతే, గల్లాపెట్టె ముందు కుర్చీ ఎవరిది? వాళ్ళు ఎవరికీ ఏమీ కారు, అందుకే మొహమాటం లేకుండా అడుగుతున్నారు. ఇన్నేళ్ళలో ఆమెకు అలాంటివాళ్ళు ఎదురుపడలేదు. మొగుడి మీద చెప్పుకుంటే తీర్పు అత్తగారిది, అత్తగారి మీద చెప్పుకుంటే తీర్పు మొగుడిది. ఆమెకు కొట్లో కొలబద్ద గుర్తొచ్చింది. బయటివాళ్ళకు కొలిచినప్పుడు బద్ద బద్దలాగే ఉంటుంది. ఇంటివాళ్ళకు కొలిచేటప్పుడు మీటరుకు నాలుగువేళ్ళు బట్ట తనంతట తనే జారుతుంది. దొంగతనమని కాదు, చేతికలవాటు. అలవాటు పడ్డ చెయ్యి కొలవకూడదు, అంతే.

పొగ విడిపోయింది. బల్ల చుట్టూ ఎవరూ లేరు. చొక్కాకు మూడో గుండీ లేదు. డబ్బా వెతికితే ముత్యంరంగుది ఒకటి దొరికింది. అది గుండీలామె కొసరేసింది. "ఊడేది ఎలాగూ ఊడుతుంది చెల్లీ, ఒకటి ఉంచుకో" అంది ఇస్తూ. ఈమె దాన్ని గట్టిగా, నాలుగు చుట్లు ఎక్కువేసి కుట్టింది.

పదకొండింటికి మండలి గదిలో ఆమె చేతికి కాగితం వచ్చింది. సంబంధం రాయాల్సిన గడి అగ్గిపెట్టెంత ఉంది. ఆమె రాయడం మొదలెట్టాక అది చాలక వెనక్కి తిప్పింది. కాగితాలను పైకి చదవడం ఆ మండలి ఆనవాయితీ. అధ్యక్షురాలు, రిటైరైన నర్సు, ఒక్కో మాటా నిదానంగా చదివింది.

"ఈయన నా భర్తకు అన్నగారు. ఇప్పుడాయన వేసుకున్న చొక్కా నేను ఇస్త్రీ చేసిందే. మూడో గుండీ ఫిర్యాదిచ్చినావిడ ఇచ్చింది, కుట్టింది నేను. ఆమెను లేపిన జాగాలో మా కొట్టు బీరువా పెట్టారు. కొలిచే చోట నేనుండకూడదు."

బావగారి చెయ్యి మూడో గుండీ మీదికి పోయింది.

"ఇంకేమైనా చేర్చాలా అమ్మా?" అని అడిగింది నర్సమ్మ.

ఆమె అప్పటికే లేచి నిలబడింది. "ఒక్క ముక్క. లైసెన్సు నా పేరనే ఉంది, కొట్టు నాది. ఆ బీరువాను రేపు పొద్దున్నే తీయిస్తాను."

బయట వసారాలో పొడుగాటి బెంచీ, దాని మీద ఎండ. ఆమె కూర్చుంది. ఒళ్ళో చేతులు ఖాళీగా ఉన్నాయి. మడత పెట్టాల్సిందేదీ లేదు. కాసేపటికి వెనక గడియ తీసిన చప్పుడైంది, ఒక తలుపు, తర్వాత రెండోది. మెట్ల మీదున్న జనం ఒక్కొక్కరే ఆమె పక్కనుంచి లోపలికి నడుస్తున్నారు. వాళ్ళలో ఒకామె చంకలో మడిచిన గొడుగుంది.