దాలయ్య పేరు

అన్నం డేక్సా వంచి గంజి వార్చేటప్పుడు లీలారాణి ఊపిరి బిగబడుతుంది. పదిహేను కిలోల బియ్యం ఉడికిన బరువు. మూత మీద రెండు చేతులు, చేతుల కింద తడిపిన గోనెగుడ్డ. ఆమదాలవలస ఆడపిల్లల హాస్టల్లో పంతొమ్మిదేళ్ళుగా రోజూ చేస్తున్న పనే అది. ఈ ఉదయం మాత్రం సగంలో ఊపిరి వదిలేసింది. మూత జారి, వేడి గంజి ఎడమ పాదం మీద పడింది.

“ఏటే లీలా, మనసెక్కడెట్టుకున్నావు?” అంది తోటి వంటమనిషి నారాయణమ్మ, చెంబుతో పాదం మీద నీళ్ళు పోస్తూ.

“ఏటీ నేదొదినా. సెయ్యి జారింది.”

నిన్న సాయంత్రం నుంచి ఆమె మనసు ఒకచోట నిలవడం లేదు. ఉప్పు వేసిందో లేదో గుర్తులేక సాంబారు మూడుసార్లు రుచి చూసింది. కూరల బుట్ట దాకా వెళ్ళి, ఎందుకు వచ్చిందో మరిచిపోయి వెనక్కి తిరిగింది. బొడ్లో దోపుకున్న ఫోను మాటిమాటికీ తడుముకుంది.

లీలారాణికి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి. మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. గరిటె తిప్పీ తిప్పీ కుడి భుజం కిందికి వాలిపోయింది. భర్త శాంతికుమార్ చెన్నై హార్బరులో పనికని రైలెక్కాడు. మొదట నెలకోసారి ఫోను చేశాడు, తర్వాత క్రిస్మస్‌కి, తర్వాత అదీ లేదు. ఫోన్లు ఆగిన ఏడే ఆమె హాస్టల్లో పనికి చేరింది.

ఇంట్లో ఉన్నది తండ్రి అబ్రహాం. రైల్వేలో గ్యాంగుమన్‌గా పనిచేసి రిటైరైన మనిషి, ఎనభై నాలుగేళ్ళవాడు. ఆయాసం ముదిరి, ఇక ఇంటికి తీసుకుపొమ్మని ఆస్పత్రివాళ్ళు చెప్పి పది రోజులయింది.

ఆయనకి బతుకంతా ఒకటే పట్టు. అది ఆయన తాత దాలయ్య సంగతి. వంశధార ఒడ్డున ముఖలింగంలో పెళ్ళాన్నీ రెండేళ్ళ కొడుకునీ వదిలి, రంగూన్‌కి ఓడెక్కిన కూలీ దాలయ్య. ఐరావతి నదిమీద తిరిగే స్టీమరులో కొలిమికి బొగ్గు వేసేవాడు. పంతొమ్మిది వందల పదిహేడులో ఆ స్టీమరు బాయిలరు పేలి మునిగిపోయిందని కబురొచ్చింది. ఆ తర్వాత ఇంకే కబురూ లేదు. “నీటిలో పోనాడు” అంది అతని పెళ్ళాం. “బర్మాదాన్ని కట్టుకుని ఉండిపోనాడు” అంది ఊరు. ఆమె చేతికున్న గాజులు తియ్యలేదు, పగిలినవాటి బదులు కొత్తవి వేసుకోనూ లేదు. అబ్రహాం ఆ నాయనమ్మ చేతుల్లోనే పెరిగాడు. ఊరి మాటని ఆమె ముందు అన్నందుకు పదిహేడేళ్ళప్పుడు ఒకడి పన్ను రాలగొట్టాడు. రిటైరయ్యాక తెలిసిన ఆఫీసులకల్లా, చర్చి మిషన్లకల్లా ఉత్తరాలు రాశాడు. కిందటేడు ఉమాశంకర్ అనే కాలేజీ లెక్చరర్, రంగూన్ వలసల మీద పరిశోధన చేస్తున్నాయన, చర్చికి వచ్చి వివరాలు రాసుకుపోయాడు. నిన్న సాయంత్రం ఆయన లీలారాణి ఫోనుకి పాత కాగితాల ఫొటోలు పంపాడు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

పిల్లలు బడికి వెళ్ళాక లీలారాణి వార్డెన్ సుహాసిని బల్ల ముందు నిలబడి ఫోను చేతికిచ్చింది. సుహాసిని కళ్ళజోడు సర్దుకుని చదివింది.

“మూడు కాయితాలున్నాయి లీలా. మొదటిది చచ్చిపోయినవాళ్ళది. నలభై ఒక్కమంది కూలీలని అంకె వేశారు గానీ పేర్లు రాయలేదు.”

“రెండోది?”

సుహాసిని వేళ్ళతో ఫొటోని పెద్దది చేసింది. “బతికినవాళ్ళది. పేర్లున్నాయి. దాలయ్య, తండ్రి రాముడు, ముఖలింగం, చికాకోల్. చికాకోలంటే మన శ్రీకాకుళమే. చేతులు కాలాయంట. ఆరు వారాలకి ఆస్పత్రి నుంచి పంపేశారు.”

“మూడోది కూడా సదవండి మేడమ్.”

“ఆరేళ్ళ తర్వాత ఒక బియ్యం మిల్లు కూలీల జాబితా. ఇదే పేరు, ఇదే ఊరు. చేతులకి కాలిన మచ్చలని రాశారు. పెళ్ళాం పేరు ఏదో బర్మా పేరు. పిల్లలు ఇద్దరు.” ఫోను తిరిగిస్తూ మెల్లగా అడిగింది. “మీ నాన్నకి చెప్తావా?”

“ఎందుకు సెప్పను?” అంది లీలారాణి.

వంటింట్లోకి వచ్చి ఆనపకాయలు కోయడం మొదలుపెట్టింది. ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

“సేతులు కాలితే కాలాయి. ఇంకొకడి సేత ఒక కార్డు ముక్క రాయించనేకపోనాడా?” అంది పైకే.

“ఎవులు?” అంది నారాయణమ్మ.

“ఎవులో ఒకలు.”

ఆమె కోపం దాలయ్య మీదే కాదు. శాంతికుమార్ ఫోను ఆగిపోయినప్పటినుంచి తండ్రి చెప్పే మాట ఒకటుంది: “ఏదో పెమాదం జరిగుంటాదమ్మీ. నేకపోతే ఎందుకు రాడు?” ఏళ్ళతరబడి ఆ మాట వింది. వదిలేసి పోయినవాడికి ఆ ముసలాయన నోట ఎప్పుడూ మర్యాదైన చావే దొరికేది. ఈ రోజు చెప్పెయ్యాలి. పోయేవాళ్ళు పోతారు నాన్నా, ఏ పడవా మునగదు. ఆ ఒక్క మాటా ఆయన వినే వెళ్ళాలి.

మూడింటికి పని దిగింది. ఆటో కోసం ఆగకుండా నడిచింది. మిషన్ పేటలో తన సందు దాటి రైలుగేటు దాకా వెళ్ళిపోయింది. గేటు వేసి ఉంది. గూడ్సుబండి పెట్టెలన్నీ వెళ్ళేదాకా నిలబడి, వెనక్కి వచ్చింది.

తండ్రిని కనిపెట్టుకుని ఉన్న పక్కింటి ఝాన్సీ గుమ్మంలోనే ఎదురైంది. “పొద్దుట్నుంచీ నిన్నే అడుగుతన్నాడు పిన్నీ” అని చెప్పి వెళ్ళిపోయింది.

అబ్రహాం మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు పట్టాలెత్తిన భుజాల మీద ఇప్పుడు బనీను వేలాడుతోంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది.

“కాయితాలు సదివించావా అమ్మీ?”

“సదివించాను.”

“మా తాత పేరున్నాదా?”

దారంతా కూడబెట్టుకొచ్చిన మాటలు నాలుక దాకా వచ్చాయి. ఆయన రెండు చేతులూ దుప్పటి అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. పరీక్ష ఫలితం చదివేటప్పుడు హాస్టలు పిల్లలు అలాగే ఓణీ అంచు పట్టుకుంటారు.

“ఉన్నాది నాన్నా.”

“తండ్రి పేరు?”

“రాముడు. ఊరు ముఖలింగం. అన్నీ సరిపోనాయి.”

ఏ జాబితాలో అని ఆయన అడగలేదు. తోచక అడగలేదో, వద్దనుకున్నాడో ఆమెకి తెలియలేదు. చేతులు దుప్పటిని వదిలాయి.

“మా నాయనమ్మ అబద్దం ఆడ్నేదు” అన్నాడు. కొంతసేపటికి, “బైబిలు ఇలాగియ్యి. పెన్ను కూడాను.”

రెండూ అందించి, నడుం వెనక దిండు సర్దింది. ఇక ఆ గదిలో నిలవలేక బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్ళింది. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. తన వంతు వచ్చేదాకా అటూ ఇటూ నడిచింది. ఆడింది అబద్ధమా? ఒక్క మాటా అబద్ధం కాదు. అయినా బిందె నిండాక, నిండినట్టు కూడా చూసుకోలేదు. నీళ్ళు పొర్లి కాలిన పాదం తడిసింది.

తిరిగి వచ్చేసరికి ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది. అబ్రహాం తల గుండె మీదికి వాలి ఉంది.

“టీ పెట్టమంటావా నాన్నా?”

మళ్ళీ అడిగింది. బిందె దించి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఎవరినీ పిలవలేదు. మంచం పట్టె మీద కూర్చుని, ముందు ఆయన కాళ్ళు చాపి, లుంగీ సరిచేసింది. ఆయన చెంపకి చెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆయన పక్కన దుప్పటి మీద తెరిచి ఉన్న బైబిలు కనిపించింది.

అది కుటుంబంలో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ రాసుకునే పేజీ. మరణాల కింద మొదటి వరసలో దాలయ్య పేరు మాత్రమే ఉండేది. ఆ పేరు పక్కన ఇప్పుడు వంకర అక్షరాలతో “ఐరావతి నదిలో మునిగి” అని ఉంది. తేదీ కోసం గీసిన గడి మాత్రం ఖాళీగా ఉంది, మూత తీసిన పెన్ను దాని మీద అడ్డంగా పడి ఉంది.