సరిచేసిన గొంతు

హన్మకొండలో సెల్‌ఫోన్ల దుకాణం పైగదిలో పాటలు రికార్డు చేసే ఉదయ్ హైదరాబాద్‌కు మకాం మారుస్తున్నాడని తెలిసి తోడికోడళ్లిద్దరూ దిగులుపడ్డారు. పెద్దామె సుగుణ పాట కట్టి ఎత్తుకునేది. చిన్నామె స్నేహలత వెనక అందుకునేది. ఏటా బతుకమ్మ నాటికి ఒక కొత్త పాట యూట్యూబ్‌లో పెట్టడం వాళ్లకు అలవాటు.

"గంత ఫికర్ ఎందుకక్కా? మీ ఇంట్ల లాప్‌టాప్ ఉన్నది గదా. నేర్పిస్త, నువ్వే చేసుకో" అన్నాడు ఉదయ్ స్నేహలతతో.

నాలుగైదు మధ్యాహ్నాలు ఆమె అతని పక్కన కూర్చుంది. తెర మీద ఒక్కొక్క గొంతుకూ ఒక్కొక్క పొడవాటి పట్టీ ఉంటుంది. స్పేస్ నొక్కితే పాట నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. ఎర్ర గుండ్రం రికార్డుకు. ఎమ్ అన్న గుర్తు నొక్కితే ఆ గొంతు మూగబోతుంది, ఎస్ నొక్కితే ఆ గొంతొక్కటే వినిపిస్తుంది. రెండో రోజు ఏం నొక్కిందో గానీ, పాత పాటలో సుగుణ పాడిన చరణమంతా మాయమైంది. స్నేహలత మౌస్ వదిలేసింది. ఉదయ్ నవ్వి రెండు మీటలు కలిపి నొక్కాడు. చరణం మళ్లీ వచ్చి కూర్చుంది.

చివరిరోజు మరొకటి చూపించాడు. శృతి తప్పిన స్వరాన్ని మౌస్‌తో పట్టి పైకి జరిపితే అది సరైన చోటికి వస్తుంది.

"అందరు జేస్తరు అక్కా. కని ఉప్పు లెక్క జరంతనే వాడాలె."

ఆ ఎండాకాలమే సుగుణకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చాక చాలా రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. గొంతు మెల్లమెల్లగా వస్తుందన్నారు డాక్టర్లు. మాట వచ్చింది. ఒకరోజు పప్పు కడుగుతూ కూనిరాగం తీసింది. కింది వాటా నుంచి అది విని స్నేహలత పైకి పరుగెత్తుకెళ్లి ఆమెను కావలించుకుంది. పత్తి ఏరే ఆడవాళ్ల మీద సుగుణ కొత్త పాట కట్టింది ఆ తర్వాతే.

కరీమాబాద్‌లోని తమ ఇంట్లో, కింది వాటాలో, పిల్లలు బడికి పోయాక, కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను ఆపి రికార్డు చేశారు. ఇద్దరి గొంతులూ కలిపి వింటే బాగానే అనిపించింది. సుగుణ వంట చూసుకోవడానికి పైకి వెళ్లింది. స్నేహలత ఆమె పట్టీ మీద ఎస్ నొక్కింది.

కింది స్థాయిలో అది సుగుణ గొంతే. పాట పైకి లేచేచోట మాత్రం నూలుపోగు చీలినట్టు చీలిపోయింది. ఆ పైన స్వరం లేదు, ఉత్త గాలి. రెండో చరణంలోనూ అంతే, మూడో దాంట్లో ఇంకొంచెం ఎక్కువ. ఇన్నాళ్లూ తన గొంతు దాన్ని కప్పుతూ వచ్చిందని స్నేహలతకు అప్పుడు అర్థమైంది.

హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టింది. పై వంటింట్లోకి పోయి చెప్పాలనుకుంది. గోడవైపు తిరిగిన ఆ వీపు గుర్తొచ్చింది. పండగ దాటనీ, తర్వాత నిదానంగా చెప్పొచ్చు అనుకుంది. ఒక్క స్వరం జరిపింది. బాగుంది. దాని పక్కది మరీ తేడాగా కనిపించింది, దాన్నీ జరిపింది. ఊపిరి మాత్రమే ఉన్నచోట నిరుటి పాటలోంచి సుగుణ గొంతు ముక్కలు తెచ్చి అతికించింది. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి పాటంతా మారిపోయింది.

సాయంత్రం సుగుణ విన్నది. కళ్లు తుడుచుకుంది.

"నా గొంతు నాకచ్చింది చెల్లె. ఇగ రాదేమో అని నేనే ఉత్తగ భయపడ్డ."

స్నేహలత నవ్వింది. అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

యూట్యూబ్‌లో పాట బాగానే పోయింది. వర్ధన్నపేట నుంచి కళావతి అనే మహిళాసంఘం ఆమె ఫోన్ చేసి, సద్దుల బతుకమ్మ నాడు వచ్చి స్టేజీ మీద పాడమని అడిగింది. సుగుణ వెంటనే ఒప్పుకుంది.

"స్టేజీలు మనకెందుకక్కా? యూట్యూబ్ సాలదా?"

"ఎందుకు సాలది? కని పిలిస్తే పోమా?"

"అయితే జర కింది శృతిల పాడుదాం."

"గొంతు మంచిగుండంగ గొనుగుడెందుకే?" అంది సుగుణ. చీర ఏది కట్టాలో అప్పుడే చూసుకుంటోంది. ఆ వారం రోజుల్లో స్నేహలత చెప్పడానికి చాలాసార్లు నోరు తెరిచింది. ప్రతిసారీ వేరే మాటేదో వచ్చింది.

బడి మైదానంలో వేదిక వేశారు. ఇంకా వెలుతురుంది. ఆడవాళ్లు పూలు పేర్చిన బతుకమ్మల చుట్టూ వలయం కట్టి చప్పట్లు అందుకున్నారు. మొదటి చరణం ఎట్లాగో గడిచింది. రెండో చరణంలో పైకి లేవాల్సిన చోట సుగుణ నోరు తెరిచింది, మైకులోంచి గాలి మాత్రమే వచ్చింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి దగ్గులాంటిదేదో వచ్చింది. చప్పట్లు తప్పాయి. వలయంలో తిరుగుతున్నవాళ్లు ఒకరొకరే ఆగి వేదికవైపు చూశారు. ముందు వరసలో ఒకామె ఫోన్ ఎత్తి పట్టుకుంది. స్నేహలత చరణం అందుకుని పాడేసింది, చివరిదాకా ఒక్కతే పాడింది. పక్కన సుగుణ మైకు కిందికి దించి, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

ఆటోలో తిరుగు దారి పట్టారు.

"గా మైకే మంచిగలేదు" అంది సుగుణ. "మన పాటల మంచిగనే వచ్చింది గదా."

"అవునక్కా, మైకే" అంది స్నేహలత. అన్నాక ఆటో బయటికి చూస్తూ కూర్చుంది. తనమీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున సుగుణ కిందికి వచ్చింది. నిద్రపోయినట్టు లేదు.

"లాప్‌టాప్ తెరువు. నా గొంతొక్కటే ఇనిపియ్. నువ్వు ఇంటుంటవు గదా, గట్ల."

స్నేహలత తెరిచింది. ఎస్ నొక్కి వదిలేస్తే సరిచేసిన గొంతే వస్తుంది. సుగుణ విని, మైకునే తిట్టుకుంటూ మెట్లెక్కి పోతుంది. జరిపినవీ అతికించినవీ ఒక్కొక్కటే వెనక్కి తీసింది. తర్వాత ఎస్ నొక్కి, స్పేస్ నొక్కింది.

సుగుణ కదలకుండా విన్నది. అయిపోయాక "మల్ల పెట్టు" అంది. మళ్లీ విన్నది.

"ఇది ఎప్పటిది?"

"మనం పాడినప్పటిదే అక్కా. మిగిలింది నేను సరిజేసిన."

"నీకు ఆ దినమే ఎరుకన్నట్టు."

"చెప్పుదామనే అనుకున్న. నువ్వు మల్ల గట్ల పండుకుంటవేమో అని..."

"నువ్వొక్కదానివి చెప్తే నీ ఒక్కదాని ముందల ఏడ్సేదాన్ని" అంది సుగుణ. గొంతు పెంచలేదు. "నన్ను తీస్కపోయి అంతమంది ముందల నిలవెట్టినవ్. మైకు మంచిగలేదంటే, అవునన్నవ్."

సుగుణ లేచి పైకి వెళ్లిపోయింది.

దసరాకు జమ్మి ఇచ్చుకున్నప్పుడు కూడా సుగుణ ఆమె చేతిలో ఆకు పెట్టింది గానీ ముఖం చూడలేదు. స్నేహలత పాటను యూట్యూబ్ నుంచి తీసేసింది. సుగుణ ఆ సంగతి అడగలేదు. సుగుణ గొంతు చూసే డాక్టరు దగ్గరికి పోయిందని తన భర్త గోపాల్ చెబితే స్నేహలతకు తెలిసింది. లోపల ఒక నరం దెబ్బతిన్నదట. రోజూ సాధన చేయాలట. మునుపటి గొంతు రావచ్చు, రాకపోవచ్చునట.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం సుగుణ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"దినాం సాధన రికార్డు చేసుకోమన్నడు డాక్టరు. ఎట్ల నొక్కాలెనో చూపియ్."

స్నేహలత కుర్చీ జరిపింది. ఎర్ర గుండ్రం చూపించింది, ఆపడం చూపించింది. మౌస్ పట్టుకోవడం తెలియక సుగుణ వేళ్లు బిగుసుకున్నాయి. స్నేహలత చెయ్యి సాయం పోయింది. సుగుణ తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇగ తెలిసింది. నువ్వు జర అవతలికి పో."

"నేనుంటే ఏమైతది అక్కా?"

"నువ్వు ఇనొద్దు."

స్నేహలత బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. లోపల సుగుణ గొంతు ఎత్తుకుంది, పైకి లేచేచోట తెగింది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. వినొద్దంది కాబట్టి స్నేహలత వాకిట్లోకి నడిచింది. నల్లా విప్పి, కడిగిన బిందెలే మళ్లీ కడగసాగింది.