పగిడయ్య తెచ్చిన దూలం

గోదావరి వరద ఊరిని ముంచిన మూడేళ్లకు, పద్దెనిమిది క్రైస్తవ కుటుంబాలు అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో కూలి మానుకుని సొంత ఊరికి తిరిగొచ్చాయి. కూలిపోయిన మందిరం ముందు కడదాం, ఇళ్ల సంగతి తర్వాత చూద్దాం అన్నాడు పాస్టర్ షాలేమ్‌రాజు. ఆ మూడేళ్లూ తోటల్లో ఆయన చెప్పింది ఒకటే సంగతి: యూదులు బబులోను చెర నుంచి తిరిగి రావడం, పాడుబడ్డ యెరూషలేములో ముందు బలిపీఠం నిలిపి ఆరాధన మొదలుపెట్టడం, ఆనక ఆలయానికి పునాది వేయడం. విన్న ప్రతిసారీ, ఆ కుటుంబాల్లో పెద్దావిడ సవరమ్మకు తన ఊరే కళ్లలో మెదిలేది.

పునాదికి రెండు రోజుల ముందు పగిడయ్య వచ్చాడు. ఊరి కోయల్లో పెద్దమనిషి. వరదప్పుడు గుట్టెక్కి, నీళ్లు తగ్గగానే దిగి ఊళ్లోనే ఉండిపోయినవాడు. ఇద్దరు కొడుకులతో మద్ది దూలం మోయించుకొచ్చి దింపించాడు.

"మీ దేవునింటికి పనికొస్తది. మేం గూడ ఓ చెయ్యేస్తం," అన్నాడు.

షాలేమ్‌రాజు చేతులు జోడించాడు. "ఏమనుకోకు పెద్దాయనా. ఈ పని మేమే చేసుకోవాలె. ఆనాడు ఆలయం కట్టేటప్పుడు యూదులు గూడ, సాయం జేస్తమన్న చుట్టుపక్కలోళ్లను కలుపుకోలేదు."

పగిడయ్య దూలం మళ్లీ కొడుకుల భుజాలకెత్తి వెళ్లిపోయాడు.

అది చూసిన సవరమ్మ తల్లడిల్లిపోయింది. వరదలో కొట్టుకుపోయిన తన భర్త ఆదామును తుప్పల్లో వెతికి పట్టి, గొయ్యి తీసి పూడ్చింది ఆ పగిడయ్యే. అప్పుడామె వరద బాధితుల శిబిరంలో ఒళ్లు తెలియని జ్వరంతో ఉంది.

"అయ్యగారూ, కాదన్నంక యూదుల పనేమైంది?" అని అడిగింది.

షాలేమ్‌రాజు తడబడ్డాడు. "ఆ పక్కోళ్లు పగబట్టిన్రు. పని శానేండ్లు ఆగింది. అయినా కాదనుడు తప్పు గాదు పెద్దమ్మా. ఆరాధన కలగాపులగం కావొద్దు."

"మరి మా ఆయన్ని మట్టి చేసిన చెయ్యి మందిరానికి మైలైందా?"

ఆయన పునాది కొలతల వైపు తిరిగాడు. పగిడయ్యకు కబురు మాత్రం పంపలేదు.

పునాది రాయి దించుతుంటే పడుచువాళ్లు డప్పు కొట్టి పాడారు. సవరమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

"యెరూషలేముల గూడ గిట్లనే, పాత ఆలయం చూసిన ముసలోళ్లు ఏడ్చిన్రు," అని షాలేమ్‌రాజు అందరికీ చెప్పాడు.

"పాత మందిరం యాదికొచ్చి గాదయ్యా," అంది సవరమ్మ. "పగిడయ్యన్నకు ఏం మొకం చూపియ్యాలె?"

పాట ఆగిపోయింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఆమె నేరుగా పగిడయ్య ఇంటికి నడిచింది. అతని భార్య భీమక్క గడపలోనే నిలబడి, "ఇంట్ల లేడు," అంది. లోపల అతని దగ్గు వినిపిస్తూనే ఉంది. సవరమ్మ తిరిగి పోలేదు. వాకిట్లో కూర్చుండిపోయింది. పొద్దు గుట్ట మీదికి వాలాక భీమక్క చెంబుతో నీళ్లు తెచ్చి, పలకరించకుండా పక్కన పెట్టింది. పగిడయ్య మాత్రం బయటికి రాలేదు.