ఇక్కడ నొక్కండి బంగారం

పెళ్లయి మూడు వారాలు. కొత్త సాఫ్ట్‌వేర్ పాఠాన్ని వారమంతా మా ఆయన మీదే సాధన చేశాను. "ఇక్కడ నొక్కు బంగారం" అంటే బుద్ధిగా నొక్కేవాడు.

ఇవాళ బీమా ఆఫీసులో అదే క్లాసు. నచ్చితే ఏడాది కాంట్రాక్టు నాదే. ముందు వరుసలో మేనేజరు గారు మౌస్‌ను తేలును పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు. నేను వంగి చూపించాను.

"ఇక్కడ నొక్కండి బంగారం."

కీబోర్డులన్నీ ఆగిపోయాయి. కాంట్రాక్టుకు నీళ్లు వదులుకున్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "నొక్కానమ్మా. తర్వాతేంటి?"

వెనక నుంచి గుమాస్తా అందుకున్నాడు. "మేమేమన్నా ఇత్తడా మేడమ్? మాకూ చెప్పండి."

సాయంత్రం మా ఆయన కాంట్రాక్టు కాగితం తిప్పి చూశాడు. "ఈ సంతకం ఎవరిది?"

"బంగారం గారిది."

"మరి నేనెవర్ని?"