దర్వాజ ఒక్కటి తప్ప

ఇల్లు వేలానికొస్తుందని బ్యాంకువాళ్లు డప్పు చాటింపు వేయించిన రోజు నుంచి ఉప్పలయ్య గోడవైపు మొహం తిప్పి మంచాన పడుకున్నాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఇల్లు కుదువబెట్టి ఎడ్లబండ్లు కొన్నాడు. మార్కెట్టుకు ధాన్యం లారీల్లో రావడం మొదలయ్యాక ఆ బండ్లను పలకరించిన సేటు లేడు. బండ్లు పోయాయి, ఎడ్లు పోయాయి, అప్పు మాత్రం ఇల్లరికపు అల్లుడిలా తిష్ఠ వేసింది. అమావాస్య దాటితే వేలం.

"మన గిర్మాజీపేటల నా ఇల్లు ఎవడు పాడుతడే? నా మొహం జూసి ఒక్కడు గూడ రాడు," అన్నాడు గోడతో.

పెళ్లాం మొగిలమ్మకు ఒళ్లు మండింది. "నీ మొహం జూసి రారేమో గని, అగ్గువకొస్తదంటే అందరొస్తరు! మనమే అమ్ముకుంటే అప్పు పోను ఇంత మిగుల్తది. బ్యాంకోళ్లమ్మితే చేతికి చిప్పొస్తది."

అని ఊరుకునే మనిషా! కాజీపేట రైల్వేలో పనిచేసే ఇస్సాకును, అతని భార్య హన్నాను తనే వెతికి పట్టుకొచ్చింది. వాళ్లు పెంకులు చూశారు, బావి నీళ్లు తాగి చూశారు. బేరం కుదిరింది. బయానా పైసలు చేతులు మారబోతుండగా ఉప్పలయ్య మంచం మీంచి లేచి వచ్చాడు.

"ఇల్లు తీస్కో తమ్మీ. గడపతోని సహా దర్వాజ మాత్రం ఇయ్యను."

పరాచికమనుకుని ఇస్సాకు నవ్వాడు. ఎదుటి మనిషి నవ్వలేదు. "దర్వాజ లేని ఇల్లు నేనేం జేసుకోవాలె అన్నా?"

"మా నాయిన ములుగు అడివికెల్లి తెచ్చిన టేకు. నా చేతులతోని ఎత్తిన. ఇయ్యను."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే! మొగిలమ్మ నెత్తి కొట్టుకుంది. ఇస్సాకు లేచి నిలబడ్డాడు. మొగుణ్ని నాలుగు దులుపుదామని నోరు తెరిచిన మొగిలమ్మ ఆగిపోయింది. ఇన్నాళ్లూ చావు కోసం చూస్తున్నట్టు పడుకున్న మనిషి దర్వాజ అడుగుతున్నాడు. మళ్లీ ఇల్లు కట్టే ఆశ లేనివాడికి దర్వాజ ఎందుకు? ఆమెకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"చెల్లె," అని హన్నా చేయి పట్టుకుంది. "కొత్త దర్వాజకు ఎంతైతదో అంత ధరల దించుకోండ్రి. జర ఒప్పుకోండ్రి."

హన్నా ఉప్పలయ్యను తేరిపార చూసి మొగుడివైపు తిరిగింది. "తీస్కపోనీయి. మనది మనం ఎత్తుకుందాం."

అప్పు తీరింది. మిగిలిన దాంతో రంగశాయిపేట అవతల జానెడు జాగా వచ్చింది. ఏ ఇంటికైనా ముందు దర్వాజ ఎత్తి నిలబెడతారు, గోడలు తర్వాత. వీళ్లూ మంచిరోజు చూసి ఎత్తారు. పసుపు, కుంకుమ, మామిడాకులు అన్నీ ఉన్నాయి, గోడలే లేవు. వెనక తాటికమ్మల పందిరి, దాని కింద పొయ్యి.

సాయంత్రం పాత వాడకట్టులో పక్కింటి రాజక్క బియ్యం మూట నెత్తిన పెట్టుకుని చూడవచ్చింది. అడ్డం ఏమీ లేదు కదా, జాగాలోంచి నేరుగా పొయ్యి దగ్గరికి నడిచింది.

"ఆగక్కా!" ఉప్పలయ్య కేకేశాడు. "గోడలల్లకెల్లి దూరుకుంట వస్తానవేంది? దర్వాజ ఇటుంది!"

రాజక్క బిత్తరపోయి ఖాళీ జాగాను అటూ ఇటూ చూసింది. వెనక్కి వెళ్లి, చుట్టూ తిరిగొచ్చి, చెప్పులు బయట విడిచి, మూట తగలకుండా వంగి గడప దాటింది.

"మంచిగున్నదిరా తమ్మీ, ఇల్లు," అంది.