నాచు మేత

“ఇల్లంతా నీచు కంపు. ఇది కొంపా, సముద్రమా?” అని అత్తగారు కింద నుంచి అన్నప్పుడు నేను డాబా మీద నాచు ఎండబెడుతున్నాను. మూడేళ్లుగా వింటున్న మాటే. అయినా ఆ రోజు చేతులు ఒకచోట నిలవలేదు. ఎండిన నాచునే మళ్లీ తిరగేశాను. కిందికి దిగాను, ఎందుకు దిగానో తెలియక మళ్లీ పైకెక్కాను. సముద్రంలో చిన్న చేపల్ని పట్టి, పొడి చేసి, మన చెరువులో చేపలకు పెట్టడమెందుకని మొదట అడిగింది నేను. ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు ఏరుకొచ్చి, ఉప్పు పోయేదాకా నాలుగు నీళ్లు మార్చి కడిగి, ఎండబెట్టి, పొడి కొట్టి మేతలో కలిపింది నేను. మొదటి సంవత్సరం కొలత తప్పాను. నాచు ఎక్కువై చేపలు మేత ముట్టలేదు, కొన్ని చచ్చి తేలాయి. “వంటింట్లో ప్రయోగాలు చాలక చెరువు మీద పడ్డావా?” అన్నారు మా ఆయన, పనివాళ్ల ముందే. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తర్వాత మేతలో పదో వంతు నాచు దగ్గర కొలత కుదిరింది, చేపలు ఎగబడి తిన్నాయి. అప్పటినుంచి అందరి నోటా అది ‘ఆయన మేత’ అయింది. చచ్చిన చేపలు నావి, బతికిన చేపలు ఆయనవి.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన అన్నారు, “వచ్చే వారం చేపల రైతులకు శిక్షణట. మన మేత గురించి నన్ను మాట్లాడమన్నారు. ఆ కడగడం, కొలతలు అన్నీ కాగితం మీద రాసిపెట్టు, చదివేస్తాను.”

“ఎవరైనా ప్రశ్న అడిగితే?”

“ఏదో ఒకటి చెప్తాలే. వాళ్లకేం తెలుసు?”

వడ్డిస్తున్న గరిటె ఆగిపోయింది. తేలిన చేపల్ని వలతో ఎత్తి గోతిలో పూడ్చింది నేనే. ఈయన ఏదో ఒకటి చెబితే ఇంకో చెరువులో చేపలు తేలుతాయి. ఆ ఇంట్లో ఇంకొకావిడ మాటలు పడుతుంది.

“రాయను,” అన్నాను.

ఆయన తలెత్తారు. “అలిగావా?”

“లేదు. నేనే వచ్చి చెప్తాను.”

“అంతమంది మగాళ్ల ముందు నువ్వా? ఆ రోజు వంటెవరు చేస్తారు?” అన్నారు అత్తగారు.

చెయ్యి కడుక్కుని, బల్ల మీదున్న ఆయన ఫోన్ తీసుకుని, శిక్షణవాళ్ల నంబరు వెతికి, వాళ్లిద్దరూ చూస్తుండగానే కలిపాను.

“ఎవరండీ మాట్లాడేది?” అంది అవతలి గొంతు.

ఫలానా ఆయన భార్యనని చెప్పబోయి ఆగాను.

“మేత తయారుచేసేది నేనండీ,” అన్నాను.