పొలిమేర దాటిన చెయ్యి

"జపాను కోటల సంగతి చదువుకొని బూదికోటలో ఏం చేస్తావు నేత్రా?" అన్నాడు మునిశంకర్ లోపలున్న పెళ్లాంతో, మల్బరీ ఆకు మూటను పురుగులింటి వాకిట్లో దించుతూ. నేత్రావతి నవ్వింది. ఆమె చేతులు పట్టుపురుగుల తట్టల మీద ఆకు పరుస్తున్నాయి, మనసు మాత్రం నాలుగు వందల ఏళ్ల కిందటి ఒక కొండకోట చుట్టూ తిరుగుతోంది. సోమవారం కేజీఎఫ్‌లోని ఒక కాలేజీలో ఆమె ఆ కోట ముట్టడి గురించే నమూనా పాఠం చెప్పాలి. పాఠం నచ్చితే ఉద్యోగం ఇస్తామని హిస్టరీ విభాగం చూసే సౌభాగ్య మేడం ఫోన్లో చెప్పింది.

ఆ ముట్టడి కథ ఆమెకు కంఠతా వచ్చు. ఒక ప్రభువు ఇంకో ప్రభువు కోట మీదికి వచ్చే ముందు వ్యాపారులను పంపి చుట్టుపక్కల బియ్యమంతా ఎక్కువ ధరకు కొనిపించాడు. ఆ ధర చూసి ఆశపడి కోటలోవాళ్లే తమ గిడ్డంగి బియ్యం అమ్ముకున్నారు. అప్పుడు అతను సైన్యంతో వచ్చి, దారులన్నీ మూసి, తీరిగ్గా కూర్చున్నాడు. చదివిన ప్రతిసారీ నేత్రావతికి ఒకటే అనిపించేది, లోపల మిగిలిన గుప్పెడు గింజలను అందరికీ సరిపెట్టింది ఎవరు? పుస్తకాల్లో విలుకాండ్ర లెక్క ఉంది, పొయ్యి దగ్గరివాళ్ల ఊసు లేదు.

పుట్టింట్లోనూ అత్తింట్లోనూ డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. అయినా పట్టా తీసుకోవడానికి పోలేకపోయింది, అది పోస్టులో వచ్చింది. పట్టాలిచ్చిన రోజు కూడా ఇంట్లో పురుగులున్నాయి. అత్త తాయమ్మకు ఒక నియమం ఉంది. పొలిమేర దాటి వచ్చినవాళ్ల చెయ్యి ఆ పొద్దు పురుగుల తట్ట తాకకూడదు, తాకితే బయటి రోగం పురుగుకు అంటుకుంటుంది. మునిశంకర్ మాత్రం బంగారుపేట సంతకు పోయి వస్తూనే ఉంటాడు. "వాడు ఆకు కోసి వాకిట్లో దించుతాడు, తట్ట ముట్టడు కదమ్మా," అంటుంది తాయమ్మ. ఆమె మోకాళ్లు వంగవు. కాబట్టి తట్ట ముట్టేది నేత్రావతి ఒక్కతే, నియమం తగిలేదీ ఆమెకే. స్నేహితురాలి పెళ్లి, చెల్లెలి సీమంతం అన్నీ ఆ పొలిమేర దగ్గరే ఆగిపోయాయి.

పాఠం సంగతి చెప్పినప్పుడు కూడా తాయమ్మ వద్దనలేదు. "పోయి రా, ఎవురు వద్దన్నారు? వచ్చినాక పురుగులింట్లో కాలు పెట్టొద్దు, అంతే. నాలుగో జ్వరం లేచి కుబుసం విడిచిన పురుగులు, పూటపూటా మోపెడు తింటాయి. పస్తుంటే గూడెట్ల కడతాయో నువ్వే ఆలోచన చెయ్యి." ఇంతకుముందు ఈ మాట విని నేత్రావతి ప్రయాణం మానుకునేది. ఈసారి ఆకు పరుస్తూ పరుస్తూ ఆ మాటనే మళ్లీ తలచుకుంది. లోపలికి రాకూడదని అత్త అన్నది. బయటికి పోకూడదని అనలేదు. ఆమె కిసుక్కున నవ్వుకుంది.

సోమవారం పొద్దున మేత వేసి, తలకు పోసుకొని, జరీ అంచు చీర కట్టుకుంది. "మధ్యాహ్నం, సాయంత్రం మీరే ఏయాల," అని మొగుడికి చెప్పి, అతను నోరు తెరిచేలోగా బస్సెక్కేసింది. కేజీఎఫ్ బంగారు గనుల సైనైడు దిబ్బలు కనబడేసరికి పాఠం మొదటి వాక్యాన్ని మనసులో ఇంకోసారి చెప్పుకుంది. తరగతిలో ముట్టడి కథంతా చెప్పింది. "ఆ కోటలో గంజి కాచి పంచిందెవరు?" అని అడిగింది. వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, "మా అమ్మలాంటోళ్లు మేడం. కాచి పోసి, తాము తాగినామని చెప్పింటారు," అంది. అందరూ నవ్వారు, నేత్రావతి ఆ మాటను బోర్డు మీద రాసింది.

"రేపటినుంచి రోజూ రాగలవా తల్లీ? ఈ రాత్రికల్లా చెప్పు, లేకపోతే ఇంకొకర్ని పిలుస్తాను," అంది సౌభాగ్య మేడం. "ఇంట్లో అడిగి చెప్తాను మేడం," అనేసింది నేత్రావతి. బస్సులో కూర్చున్నాక తన నోటి మీద తనకే కోపం వచ్చింది. పెళ్లయినప్పటినుంచి నాలుక చివర తయారుగా ఉండే మాట అది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అలవాటు కొద్దీ ఆమె కాళ్లు పురుగులింటి వైపే నడిచాయి. గడప దగ్గర తనే ఆగింది. లోపల మునిశంకర్ జుట్టు నిండా ఆకు తునకలతో స్టూలెక్కి ఉన్నాడు.

"నేత్రా, ఈ పై తట్టలో ఇవి తలలెత్తి నన్నే చూస్తా ఉండాయి. ఏం చేయల్ల?"

"ఆకలి. ఆకు ఏయండి."

"ఇప్పుడే కదా ఏసినాను."

"అవి అంతే. తడి ఆకు ఏయొద్దండి, తుడిచి ఏయాల."

"నడుము ఇరిగిపోయింది. రోజూ ఇట్లనేనా నీకు?"

"రోజూ."

అతను గుడ్డ తీసుకొని ఆకు తుడవడం మొదలుపెట్టాడు. గడప బయట గోడ పక్కన నిలబడిన తాయమ్మ కొడుకు అవస్థ చూడలేకపోయింది. "కాళ్లూ చేతులూ కడుక్కోని రామ్మా. ఈ ఒక్క దినానికి ఏం కాదులే."

"వద్దత్తా," అంది నేత్రావతి మెత్తగా. "ఊరంతా తిరిగొచ్చిన చెయ్యి. పురుగుకు ఏమన్నా అయితే ఎట్ల?"

తాయమ్మకు తన మాటే ఎదురొచ్చింది. నేత్రావతి గడప బయటే నిలబడి ఫోను తీసింది.

"మేడం, నేను నేత్రావతి. రేపటినుంచి వస్తాను. రోజూ."

తాయమ్మ ఆ మాట విన్నది. కోడలి చీర కేసి కాసేపు చూసింది, లోపలున్న కొడుకు కేసి ఇంకాసేపు చూసింది. "ఇంగ రోజూ పొలిమేర దాటుతావన్నమాట," అని గొణిగి, గోడ పట్టుకొని వంగి లోపలికి కేక వేసింది. "ఒరే శంకరా, అట్ల కుప్ప పోయొద్దురా. పల్చగా పరచు. చెయ్యి అలవాటు చేసుకో."

నేత్రావతి మెట్టు మీద కూర్చొని చెప్పులు విడిచింది. లోపల వేలాది పురుగులు ఆకు కొరుకుతుంటే రేకుల మీద వాన పడినట్టుంది. ఇన్నేళ్లూ ఆ వానలో పని చేసిందే కానీ, ఇలా బయట కూర్చొని వినడం ఆమెకు ఇదే మొదలు.